సెలవు దొరకలేదా, అమ్మడూ?

అమలాపురం,
కార్తీక సోమవారం.

చిరంజీవి అమ్మడికి మావయ్య దీవించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలెట్టడం మన ఆనవాయితీ. నీ కుశలం మీదే నాకు అనుమానంగా ఉన్నప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మా కుశలం మాత్రం చెబుతాను. మీ అత్తయ్య మోకాళ్లు మొరాయిస్తున్నాయి, నోరు మాత్రం ఇంకా ఎక్స్‌ప్రెస్ సర్వీసే. మొన్నటి కొబ్బరి దింపులో కాయ చిన్నదే పడింది గానీ ధర ఫర్వాలేదు. పండక్కి నువ్వొస్తావని ఆత్రేయపురంలో పూతరేకులు చెప్పించాలని అత్తయ్య ఇప్పట్నుంచే లెక్కలేసుకుంటోంది.

ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "సంక్రాంతికి అది రాదట అన్నయ్యా, సెలవు దొరకలేదట" అంది. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. సెలవు దొరకకపోవడమంటే ఏమిటో నాకు తెలిసినంతగా మన వాళ్లలో ఎవరికీ తెలీదే, అమ్మడూ. ఎందుకో తర్వాత చెబుతాను.

కూపీ లాగితే మీ అమ్మ ఒక్కొక్కటే బయటపెట్టింది. కిందటి నెల రాత్రి రెండింటికి గుండె పట్టేసినట్టయితే నీ రూమ్మేట్లు నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారట. ఈసీజీ, రక్తపరీక్షలు చేసి, గుండె నిక్షేపంగా ఉంది, ఇది పానిక్ ఎటాక్ అన్నారట. వారం తిరక్కుండానే అమీర్‌పేటలో మెట్రో ఎక్కాక మళ్లీ అలాగే అయిందట. అప్పట్నుంచి నువ్వు మెట్రో మానేసి రాయదుర్గం దాకా క్యాబ్‌లో పోతున్నావట. అంతా చెప్పి చివర్న, "ఉత్త టెన్షనేనట, ఏం లేదట" అంది.

ఆ 'ఉత్త' దగ్గర నాకు ఒళ్లు మండింది. మీ అమ్మ మీద కాదు, పాపం దానికేం తెలుసు! అది ఉత్తది కాదని తెలిసి కూడా ఇన్నేళ్లూ నోరు మూసుకు కూర్చున్నది నేను. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. ఒకసారి చదివి దాచుకో. అవసరమైన రోజున మళ్లీ తియ్యి.

1998 మే నెల. పెళ్లిళ్ల సీజను. నేను రాజమండ్రి సర్వీసులో కండక్టర్ని. రావులపాలెంలో జనం బెల్లానికి చీమల్లా పట్టేశారు. భుజాన క్యాష్ బ్యాగు, చేతిలో టిక్కెట్ ట్రే. జొన్నాడ వంతెన దిగేలోపు అందరికీ టిక్కెట్లు కొట్టి ఎస్సార్, అదే టిక్కెట్ల లెక్క కాగితం, రాసెయ్యాలి. అవతల చెకింగ్ వాళ్లు కాచుకుని ఉంటే నా పని అయిపోయినట్టే. అంతకు ముందు రాత్రి నైటౌట్ డ్యూటీ, కంటి మీద కునుకు లేదు. పొద్దుటి నుంచి కడుపులో పడినవి ఐదు టీలూ నాలుగు సిగరెట్లూ.

వంతెన సగానికి వచ్చాం. గుండె గొంతులోకొచ్చి కొట్టుకోవడం మొదలెట్టింది. గాలి ఎంత పీల్చినా చాలడం లేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. జనం గోల నూతిలోంచి వస్తున్నట్టుంది. కింద గోదావరి, పైన నేను, ఇవాళ్టితో సరి అనుకున్నాను. పక్కనే ఓ ముసలమ్మ "నాయనా, నా రూపాయి చిల్లర" అని నా చొక్కా లాగుతోంది. ఈవిడ రూపాయి బాకీ పెట్టి పోతున్నానే అని దిగులు పడ్డాను, నిజంగా! వేమగిరి దాటేసరికి చెమట ఆరింది. రాజమండ్రిలో దిగేసరికి మామూలు మనిషినే. ముసలమ్మకి రూపాయి ఇచ్చేశాను.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. అదీ నా మొదటి తప్పు. మగాడు, అందులోనూ కండక్టరు, బస్సులో భయపడ్డాడంటే డిపోలో నవ్వుతారని.

రెండో తప్పు, నమ్మకపోవడం. ఒకటి తర్వాత ఒకటి మూడు ఈసీజీలు తీయించాను. మూడూ బాగున్నాయన్నారు. బాగున్న కాగితం చేతిలో పెట్టుకుని, యంత్రం చెడిపోయిందేమో అనుకున్నాను. నువ్వలా చెయ్యకు. ఒక్కసారి డాక్టరు దగ్గర సరిగ్గా చూపించుకో. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువున్నా గుండె దడ రావచ్చు. ఆ పరీక్షలు అయ్యాయో లేదో అడుగు. అవి బాగుంటే డాక్టరు మాట నమ్ము. అలాగని ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, మెట్లెక్కేటప్పుడు వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఇది ఆ భయమేలే అని ఊరుకోకు. వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

మూడో తప్పు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఒక మందుల షాపులో నిద్ర పట్టడం లేదంటే ఆల్‌ప్రజోలం చేతిలో పెట్టారు. చీటీ అడగలేదు. వేసుకోగానే అమృతంలా ఉంది. ముందు అర, తర్వాత ఒకటి, ఏడాది తిరిగేసరికి అది జేబులో లేకపోతే గడప దాటలేను. ఒకరోజు పౌరుషానికి పోయి ఒక్కసారిగా మానేస్తే, చేతులు వణికి, మూడు రాత్రులు నిద్ర లేక, మొదటి భయానికి ఇంకో భయం తోడైంది. ఆ జాతి మాత్రలు డాక్టరు ఇస్తే, ఆయన చెప్పినన్నాళ్లే వేసుకోవాలి. మానడం కూడా ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెంగానే. స్నేహితురాలి సంచిలో ఉంది కదా అని నువ్వు తీసుకున్నావో, నీకూ నాకూ మాటల్లేవు. ఊరికే అన్నాలే. కానీ తీసుకోకు, తల్లీ.

ఇక నాలుగోది. ఇదే అన్నిటికంటే పెద్దది. వంతెన మీద భయం వేసింది కాబట్టి వంతెన మానేశాను. డిపోలో బతిమాలి గోదావరి దాటని రూట్లు వేయించుకున్నాను. అల్లవరం, కాట్రేనికోన. హాయిగా అనిపించింది. కానీ భయం అక్కడ ఆగలేదు. కొన్నాళ్లకి కిక్కిరిసిన బస్సంటే భయం. తర్వాత పెళ్లి పందిరంటే భయం. తర్వాత సినిమా హాల్లో మధ్య వరస సీటంటే భయం. అప్పులవాడి లాంటిదే అది కూడా. నువ్వు వీధి మార్చావని తెలిస్తే ఆ వీధిలోకీ వస్తుంది.

2000లో నీకు పదకొండో నెల. అన్నవరంలో నీ పుట్టువెంట్రుకలు. మేనమామ మూడు కత్తెరలు వేస్తేనే గదా మొదలు! మీ అమ్మ రెండు నెలల ముందు నుంచీ ఉత్తరాలు రాసింది. నీకు పట్టులంగా, వెండి గిన్నె కొన్నాను. ఆరోజు తెల్లవారుజామున సంచీ పట్టుకుని బస్టాండుకి వెళ్లాను. రాజమండ్రి బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టాను. డ్రైవరు నాకు బాగా తెలిసినవాడు, "రండి గురూ, ముందు కూర్చోండి" అన్నాడు. వంతెన గుర్తొచ్చింది. కాలు వెనక్కి తీశాను. ఏదో మర్చిపోయానని చెప్పి ఇంటికొచ్చేశాను. జీవితమంతా జనాన్ని బస్సెక్కించినవాణ్ణి నేను ఎక్కలేకపోయాను.

మీ అమ్మకి ఏం చెప్పానో తెలుసా? సెలవు దొరకలేదన్నాను.

వరసకి మావయ్య అయ్యే ఇంకెవరో నీకు కత్తెర వేశారు. మీ అమ్మ ఇవాళ్టిదాకా ఒక్క మాట అనలేదు. ఆ రోజు తీసిన ఫోటో మాత్రం మీ ఇంటి గోడ మీద ఉంది. మీ ఇంటికొచ్చినప్పుడల్లా నేను ఆ గోడకి వీపు పెట్టి కూర్చుంటానే, ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

బస్సెక్కలేక తిరిగొచ్చిన ఆ రాత్రి మీ అత్తయ్యకి చెప్పేశాను. తిడుతుందనుకున్నా. చెవిన వేసుకుని, మర్నాడు డబ్బు సర్దింది. నేను వంతెన మీదకి రానంటే వాదించలేదు, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి, కోటిపల్లిలో దింపి, కాకినాడలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. పిచ్చి డాక్టరు దగ్గరికా అని దారంతా సణిగాను. ఆయన నా కథ అంతా విని, ఇలా వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, ఈ జబ్బు నయమవుతుంది అన్నాడు. కళ్లంట నీళ్లొచ్చాయి.

ఆయన చెప్పింది నా బస్సు భాషలో చెబుతాను విను. ఒంట్లో ఒక డ్రైవరు ఉంటాడు. ఎదురుగా గేదె అడ్డమొస్తే మనం ఆలోచించే లోపే బ్రేకు కొట్టేస్తాడు. అదే మనల్ని కాపాడేది. ఒక్కోసారి గేదె ఉండదు, చెట్టు నీడ ఉంటుంది. అయినా కొట్టేస్తాడు. అడ్రినలిన్ ఒంట్లోకి దూకుతుంది, గుండె పరుగెడుతుంది, ఊపిరి వేగమవుతుంది. అవసరానికి మించి ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. వేళ్ల తిమ్మిరీ తల తిరుగుడూ చాలావరకు దానివల్లే. చచ్చిపోతున్నాం అనిపిస్తుంది. నిజానికి అది చంపడానికి వచ్చింది కాదు, పాపం, పొరపాటున కాపాడబోయింది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. ఆ భయం సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది, అక్కణ్నుంచి దిగడమే. చాలామందికి అరగంటలోపు సర్దుకుంటుంది. నువ్వేం చేసినా, ఏమీ చెయ్యకపోయినా దిగుతుంది. నా మొదటిసారి వంతెన మీద ఎక్కి వేమగిరిలో దిగిపోయింది, టిక్కెట్టు లేని ప్రయాణికుడిలా.

వచ్చినప్పుడు ఏం చెయ్యాలంటే, పెద్దగా గాలి పీల్చాలని కంగారు పడకు. వదలడం మీద మనసు పెట్టు. నాలుగు లెక్కబెడుతూ ముక్కుతో తీసుకో, ఆరు లెక్కబెడుతూ నెమ్మదిగా వదులు. పొట్ట కదలాలి, భుజాలు కాదు. కాగితం సంచిలో ఊదమని ఎవరైనా చెబుతారు, ఆ పాత చిట్కా జోలికి వెళ్లకు, అది మంచిది కాదు. "ఇది పానిక్, ఇంతకు ముందు వచ్చింది, పోయింది, ఇప్పుడూ పోతుంది" అని తెలుగులోనే అనుకో. దాంతో కుస్తీ పట్టకు. పొమ్మంటే పోదు. ఉండమంటే ఎక్కువసేపు ఉండదు.

నా చిట్కా ఒకటుంది. క్యాష్ బ్యాగులో చెయ్యి పెట్టి, చూడకుండా, వేళ్లతోనే నాణేలు పోల్చుకునేవాణ్ణి. ఇది అర్ధరూపాయి. ఇది రూపాయి. దీని అంచు గరుకు. దీని అంచు నునుపు. పది నాణేలు పోల్చేసరికి మనసు గాల్లోంచి వేళ్ల చివరికి దిగొచ్చేది. నీకిప్పుడు అంతా ఫోన్ పే, నాణేలెక్కడివి? తాళం గుత్తి ఉంటుందిగా. లేదా కళ్లెదురుగా ఉన్న ఐదు వస్తువుల పేర్లు చెప్పుకో. అరికాళ్లు నేలకి ఆనించి ఆ బరువు చూసుకో.

ఇక రోజువారీ సంగతులు. తిడతాను, పడు. పొద్దున్న టిఫిన్ మానేసి కాఫీతో కడుపు నింపుతావని మీ అమ్మ చెప్పింది. ఖాళీ కడుపున కాఫీ గుండె దడ తెస్తుంది. ఆ దడని చూసి మనసు, అదిగో వచ్చేసిందని బెదురుతుంది. డిపోలో నేను రోజుకి ఎనిమిది టీలు తాగేవాణ్ణి. రెండుకి తగ్గించాకే నాకు ఏది టీ దడో ఏది భయమో తేడా తెలిసింది. పూర్తిగా మానమనను. ఒక్కసారిగా మానితే తలనొప్పి కూడా. పొద్దున్న ఇడ్లీ తిన్నాక ఒకటి తాగు. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో దాదాపు సగం రాత్రి పదకొండింటికి ఇంకా ఒంట్లోనే తిరుగుతుంటుంది, అందుకని మధ్యాహ్నం తర్వాత వద్దు. డబ్బాల్లో వచ్చే ఎనర్జీ డ్రింకుల జోలికి అసలు పోకు. మీ ఆఫీసు పార్టీల్లో ఏం తాగుతారో నేను అడగను. మందు ఆ రాత్రి నెమ్మది పరిచినట్టే ఉంటుంది, మర్నాడు వడ్డీతో వసూలు చేస్తుంది. సిగరెట్టూ అంతే. ఇది చూసి చెబుతున్న మాట కాదు, చేసి చెబుతున్న మాట.

నిద్ర తక్కువైన రోజున చిన్న చప్పుడుకీ ఉలిక్కిపడతాం. నాకు వచ్చిన వాటిలో చాలావరకు నైటౌట్ మర్నాడే వచ్చాయి. నువ్వు రాత్రి పన్నెండింటికి ఫోన్లో 'గుండె దడ ఎందుకు వస్తుంది' అని వెతుకుతావని నీ రూమ్మేటు మీ అమ్మకి చెప్పిందట. ఆ వేళప్పుడు వెతికితే దెయ్యాలు తప్ప ఏం దొరుకుతాయి? ఫోను పక్క గదిలో పెట్టి పడుకో. రోజూ అరగంట నడు. నడిస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది కదా అని భయపడతావేమో. కొట్టుకోనీ. గుండె కొట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదని మనసుకి అలవాటు చెయ్యడమే అది.

చిన్న నోటు పుస్తకం పెట్టు. భయం వచ్చిన రోజున తేదీ, వేళ, చోటు, ఆ రోజు ఏం తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు, ఎవరితో గొడవపడ్డావు, రెండు లైన్లు రాయి. నా ఎస్సార్ లాంటిదే. నెల తిరిగేసరికి ఏ స్టేజిలో ఎక్కుతోందో నీకే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, దారులు మూసుకోకు. ఆ డాక్టరు నన్ను వెంటనే వంతెన దాటమనలేదు. మొదటి వారం రావులపాలెం వైపు వంతెన చివర నిలబడి రమ్మన్నాడు, అంతే. తర్వాత కొంచెం దూరం నడిచి వెనక్కి. తర్వాత ప్రయాణికుడిలా బస్సెక్కి జొన్నాడలో దిగి, మళ్లీ వెనక్కి. భయం వచ్చింది. వచ్చినా దిగకుండా కూర్చున్నాను. అదీ మందు. నాకు పదకొండు వారాలు పట్టింది, మళ్లీ రాజమండ్రి డ్యూటీ ఎక్కడానికి. ఇది డాక్టరు చెప్పినట్టు చెయ్యాలి, మొండిగా ఒక్కరోజులో కాదు. సీబీటీ అనే మాటల చికిత్సలో ఇది కూడా ఒక భాగమట, ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా సరిచేస్తారు. అవసరమైతే రోజూ వేసుకునే మందులూ ఇస్తారు. వాటి గుణం కనబడటానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకే పనిచెయ్యలేదని మానకు.

హైదరాబాదులో డాక్టర్లకేం కొదవ? ఎక్కడికెళ్లాలో తేలకపోతే ముందు 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నా రోజుల్లో అలాంటిది ఉంటే పంటు ఎక్కే పని తప్పేది.

మీ అమ్మకి చెప్పు. అంతా చెప్పు. ముందు కళ్లు తుడుచుకుంటుంది, తర్వాత ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తుంది. తీయనీ. నాకూ తాయెత్తు కట్టారు, కట్టించుకున్నాను. దాంతో భయం పోలేదు గానీ కట్టిన చేతుల మీద నమ్మకం పెరిగింది. దిష్టి తీయించుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు, రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు. ఆఫీసులో కూడా నమ్మకమైన ఒక్కరికి చెప్పి ఉంచు. నాకిలా వస్తే కంగారు పడొద్దు, గాలి విసరొద్దు, పక్కన కూర్చో చాలు అని.

నేను వచ్చే శనివారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాను. రాజమండ్రి దాకా బస్సులోనే, జొన్నాడ వంతెన మీదుగానే. ఆదివారం పొద్దున్న మనిద్దరం అమీర్‌పేటలో మెట్రో ఎక్కుదాం. రాయదుర్గం దాకా వద్దు. ఒక్క స్టేషను, మధురానగర్‌లో దిగిపోదాం. నీ చెయ్యి పట్టుకోను. పక్క సీట్లో కూర్చుంటానంతే. భయం వస్తే రానీ, నీతో పాటు నేనూ చూస్తాను. ఆ తర్వాత నువ్వొక్కదానివే మళ్లీ ఒక స్టేషను. తర్వాతి వారం యూసుఫ్‌గూడ. సంక్రాంతికి ఇంకా టైముంది.

ఒకవేళ పండక్కి రాలేకపోతే, రాలేకపో. నిన్నెవరూ ఏమీ అనరు, నేను అననివ్వను. పూతరేకులు నేనే పట్టుకొస్తాను. కానీ మీ అమ్మకి ఫోన్ చేసి "భయమేస్తోందమ్మా" అను. సెలవు దొరకలేదని మాత్రం అనకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య.